చల్లగా అనిపిస్తే చల్లబడినట్టేనా?

మే నెలలో బెజవాడలో ఏ వీధిలోకి వెళ్లినా ఆవపిండి ఘాటే. నూజివీడు వైపు నుంచి పచ్చడి కాయ దిగుతుంది, కృష్ణకు అవతల ఉన్న గుంటూరు నుంచి కారం వస్తుంది. అలాంటి ఒక వంటింట్లో అక్క ఉత్త చేత్తో ఆవకాయ కలిపింది అనుకుందాం. పక్కన పొయ్యి మీద చెల్లెలు గారెలు వేస్తోంది. ఒక గారె పేలి నూనె ముంజేతి మీద చిందింది. ఇద్దరూ ఒకే కుళాయి కిందికి చేతులు తోశారు. నీళ్లు పడుతున్నంతసేపూ ఇద్దరికీ హాయిగానే ఉంది. చెయ్యి తీయగానే ఇద్దరికీ మంటే.

పైకి ఒకలాగే ఉన్న ఈ రెండు మంటలకూ వైద్యం మాత్రం తలకిందులు. అక్క చేతికి నూనె రాస్తే నయం, నీళ్లతో ఒరిగేది లేదు. చెల్లెలి చేతికి నీళ్లే మందు, నూనె రాస్తే చేటు. ఎందుకని?

### మిరపకాయను వెతికితే వేడి దొరికింది

చర్మంలోకి వచ్చి ఆగే నరాల కొనల మీద ప్రొటీన్లతో తయారైన అతి సన్నటి ద్వారాలుంటాయి. అందులో ఒకదాని పేరు టీఆర్‌పీవీ1. మామూలు ఒంటి వేడి దగ్గర అది మూసుకునే ఉంటుంది. ఉష్ణోగ్రత దాదాపు 43 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి జొరబడతాయి, నరంలో విద్యుత్ సంకేతం పుడుతుంది, ‘కాలింది’ అని మెదడుకు కబురు వెళ్తుంది. చెయ్యి వెనక్కి లాక్కునే ఆదేశం మాత్రం మెదడు దాకా పోకుండా వెన్నుపాములోనే తయారవుతుంది. పెనం తగిలినప్పుడు ముందు వేలు లాక్కుని ఆ తరవాత ‘అబ్బా’ అనేది అందుకే.

అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ద్వారాన్ని గుర్తించింది. వాళ్లు బయల్దేరింది వేడిని పసిగట్టే ప్రొటీన్ కోసం కాదు. మిరపకాయకు కారాన్నిచ్చే కాప్సైసిన్‌కు మన ఒంట్లో స్పందించేది ఏమిటా అని వెతికారు. తీరా దొరికాక పరీక్షిస్తే అది వేడికీ తెరుచుకుంటోంది. ఇలాంటి ఉష్ణ, స్పర్శ గ్రాహకాలను కనిపెట్టినందుకే జూలియస్‌కూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అనే మిరప బస్తాలు మోసేవాళ్ల మెడలు ఎందుకలా మండుతాయో అణువుల స్థాయిలో తేలింది ఆ పరిశోధనతోనే.

అక్క చేతిలో జరిగింది ఇదే. కాప్సైసిన్ వెళ్లి ఆ ద్వారానికి అతుక్కుంటే, అది తెరుచుకోవాల్సిన ఉష్ణోగ్రత కిందికి దిగిపోతుంది. అప్పుడిక 43 డిగ్రీలు అక్కర్లేదు, ఒంటి వేడే చాలు. చర్మంలో ఏదీ ఉడకలేదు, అయినా మెదడుకు కాలినట్టే కబురు. చన్నీళ్లలో ఉంచినంతసేపు ద్వారం మూసుకుంటుంది, తీస్తే మళ్లీ తెరుచుకుంటుంది. కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి చేతికి వంటనూనె పట్టించి, రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే చాలావరకు దిగుతుంది. ఆ చేత్తో కన్ను నలుపుకోకుండా ఉంటే అక్క సంగతి ఇంతటితో సరి.

చెల్లెలి సంగతే పెద్దది.

### పొయ్యి కట్టేసినా ఉడుకు ఆగదు

చర్మం కాలడానికి ఎన్ని డిగ్రీలు కావాలి? డిగ్రీలు మాత్రమే చెబితే సగం జవాబే. ఎంతసేపు అన్నది కూడా చెప్పాలి. 1947లో హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు పందుల చర్మం మీద, మనుషుల చర్మం మీద ఈ లెక్క తేల్చారు. 44 డిగ్రీల దగ్గర చర్మం చెడడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర ఐదు సెకన్లు. 70 దగ్గర ఒక్క సెకను. మన నరాల్లోని ద్వారం 43 దగ్గర తెరుచుకుంటుందని ఇందాక చెప్పుకున్నాం. అంటే నష్టం మొదలయ్యే గీతకు ఒక్క డిగ్రీ ముందే నొప్పి మొదలవుతోంది. ఇంత పొదుపుగా లెక్క వేసుకున్న శరీరాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆ కాస్త వ్యవధి పెనానికి సరిపోతుంది గానీ, 180 డిగ్రీల నూనెకు సరిపోదు.

ఆ నూనె తగలగానే పైపొరలోని ప్రొటీన్లు తమ మడతలు విప్పుకుని ఒకదానితో ఒకటి చిక్కుపడి ముద్దకడతాయి. కణాల పొరలు కారడం మొదలెడతాయి. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. తుడిచేశాం కదా, అయిపోయింది అనుకుంటాం. కాదు. అన్నం పొయ్యి మీద నుంచి దించి మూత పెట్టాక కూడా తన వేడికి తానే ఉమ్మగిల్లుతుంది చూడండి, కాలిన చర్మంలోనూ అదే జరుగుతుంది. చర్మం వేడిని సులువుగా పోనివ్వదు. పై పొరలో చేరిన వేడి బయటికి పోయే దారిలేక అడుగున ఉన్న పొరల్లోకి దిగుతూ, దారిలో ఉన్న కణాలను ఉడికిస్తూ పోతుంది. పై పొర మందం ముంజేతి మీద మిల్లీమీటరులో పదో వంతు. దాని కింద అసలు చర్మం ఒకటి రెండు మిల్లీమీటర్లు. నరాలు, రక్తనాళాలు, వెంట్రుకల మొదళ్లు, చెమట గ్రంథులు అన్నీ ఉండేది అక్కడే. వేడి అందులోకి ఎంత లోతు దిగింది అన్నదాని మీదే ఆ గాయం వారంలో మానుతుందా, నెల పట్టి మచ్చ మిగులుస్తుందా అన్నది ఉంటుంది.

బర్మింగ్‌హామ్‌లో కాలిన గాయాల వైద్యుడు డగ్లస్ జాక్సన్ 1953లో దీన్ని ఇంకాస్త దగ్గరగా చూశాడు. కాలిన చోటు అంతా ఒక్కటి కాదు, మూడు వలయాలు అన్నాడాయన. నడుమ ఉన్నది చచ్చిన కణజాలం, దానికి చేసేదేమీ లేదు. అంచున ఉన్నది ఎర్రబడి ఉబ్బిన భాగం, అది దానంతటదే కోలుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఒక వలయం ఉంది. అక్కడి కణాలు బతికే ఉన్నాయి, కానీ రక్తనాళాలు కుంచించుకుని, రక్తం గడ్డలు కట్టి ప్రవాహం మందగించింది. ఒకటి రెండు రోజుల్లో అది నడుమ వలయంలోనైనా కలిసిపోవచ్చు, బయటి వలయంలోకైనా తేరుకోవచ్చు. ఇంట్లో మనం చేసే ప్రథమ చికిత్స అంతా ఆ మధ్య వలయం కోసమే. నేను చెప్పదలచుకున్న మిగతా సంగతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

> పొయ్యి దగ్గర ఏది ఎంత వేడి
>
> *పోపు, గారె నూనె:* 170 నుంచి 190 డిగ్రీలు. కడిగి దులపని కరివేపాకు వేస్తే దాని మీది నీటి చుక్క నూనె కంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది, అక్కడ ఒక్కసారిగా ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బి, పైనున్న నూనెను చిమ్ముతుంది. గారె పేలడమూ ఇదే కథ. పైన పెచ్చు గట్టిపడుతుంది, లోపలి తడి ఆవిరై దారి వెతుక్కుంటుంది. నడుమ చిల్లి ఆవిరికి దారి కూడా.
>
> *ఆవిరి:* నీరు, ఆవిరి రెండూ 100 డిగ్రీలే. కానీ చర్మం మీద ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు 540 కేలరీల వేడిని అక్కడే వదులుతుంది. ఆ తరవాత మరుగునీరు చల్లారినట్టు చల్లారుతూ ఇంకో 65 వదులుతుంది. అంటే గ్రాముకు గ్రాము చూస్తే మరుగునీటికి తొమ్మిది రెట్లు. ఇడ్లీ పాత్ర మూతను మన వైపు కాకుండా అవతలి వైపు ముందు ఎత్తాలని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. కుక్కరులో పీడనం వల్ల 120 డిగ్రీల దాకా ఉంటుంది.
>
> *గంజి:* వేడి నీటిని మించదు. కానీ చిక్కన, జారిపోదు, అంటుకుని కూర్చుంటుంది. అన్నం వార్చేటప్పుడు మూత జారి పడే గంజి, నూనె చుక్క కంటే లోతుగా కాల్చేది అంటుకున్న సమయం వల్ల, పడిన మోతాదు వల్ల.
>
> *పాకం:* అరిసెల పాకం 100 దాటి ఉంటుంది, పైగా గంజి కంటే జిగురు.

### ఇరవై నిమిషాలు, అదీ బెజవాడ మేలో

వేడిని లాగేయడానికి వంటింట్లో నీటిని మించినది లేదు. నూనె కంటే దాదాపు నాలుగు రెట్లు బాగా వేడిని తన గుండా పోనిస్తుంది, గ్రాముకు రెట్టింపు వేడిని ఇముడ్చుకుంటుంది. పారుతున్న నీరైతే వేడెక్కింది వెళ్లిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది.

ఎంతసేపు? ఇరవై నిమిషాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు మొదట పందుల మీద, తరవాత ఆస్పత్రికి వచ్చిన పిల్లల రికార్డుల మీద దీన్ని చూశారు. 2020లో వెలువడిన అధ్యయనంలో 2,495 మంది పిల్లల వివరాలున్నాయి. కాలిన మూడు గంటలలోపు ఇరవై నిమిషాలు పారే చల్లటి నీటి కింద ఉంచిన పిల్లలకు, చర్మం అతికించే శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం సుమారు 40 శాతం తక్కువగా తేలింది.

వేడి మొదటి కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది కదా, మరి ఇరవై ఎందుకని అడగొచ్చు. చల్లదనం చేసే రెండో పని మధ్య వలయంలో ఉంది. గాయపడిన కణాలు హిస్టమిన్, ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు వదులుతాయి. వాటి వల్ల నాళాలు కారి వాపు వస్తుంది, వాపు నాళాలను మరింత నొక్కుతుంది. అవే రసాయనాలు నొప్పి ద్వారాన్ని కూడా తొందరగా తెరుచుకునేలా మారుస్తాయి, అందుకే కాలిన చేతికి మర్నాడు గోరువెచ్చని నీళ్లు తగిలినా చురుక్కుమంటుంది. చల్లదనం ఈ తతంగాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆలోగా రక్తప్రవాహం తేరుకుంటుంది. మూడు గంటలలోపు ఎప్పుడు మొదలెట్టినా ఎంతో కొంత లాభం ఉండడానికి కారణం అదే. కాలి అరగంట అయింది, ఇప్పుడేం లాభం అని మానుకోనక్కర్లేదు.

ఆస్ట్రేలియా వాళ్లు నీరు 15 డిగ్రీలుంటే మేలు, 8 నుంచి 25 దాకా పరవాలేదు అంటారు. మనకు బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికే రాలేదు. మేలో మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు కాసే రోజున డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఎండ పడే గొట్టంలో నిలిచి ఉన్న నీరైతే ఇంకా వేడి. నష్టం మొదలయ్యే గీత 44 దగ్గరని మరవొద్దు. ఆ ధార కింద కాలిన చెయ్యి పెడితే ఆ మధ్య వలయాన్ని మనమే ముంచినట్టు. విదేశీ సలహా పుస్తకాల్లో ‘కుళాయి నీరు’ అని రాసి ఊరుకుంటారు. డెల్టాలో ఆ మాట ఒక్కటే చాలదు.

కాబట్టి ముందు బాగున్న చేత్తో నీటిని చూడాలి. వేడిగా ఉంటే ఆ కుళాయి వదిలేయాలి. నీడలో పెట్టిన బకెట్లో రెండు లీటర్ల నీళ్లు 32 డిగ్రీలున్నాయనుకుందాం, ఫ్రిజ్‌లోంచి తీసిన లీటరు సీసా 5 డిగ్రీలుంటుంది. రెండూ కలిపితే 23కు దిగుతుంది, సరిగ్గా కావాల్సిన చోటికి. కుండ నీళ్లూ మంచివే. కుండ తన గోడల్లోంచి ఊరే తడి ఆరిపోతుంటే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న మచిలీపట్నం, నాగాయలంక వైపు అది రాయలసీమ కుండంత చల్లబడదు గానీ, పగటి గాలి కంటే చాలా నయం. అప్పుడే తోడిన బోరు నీరు కూడా ట్యాంకు నీటికంటే చల్లనే. దివిసీమలో ఉప్పు తగిలే బోర్లున్న చోట తాగే నీళ్లకే పోవడం మేలు, తెగిన చర్మం మీద ఉప్పు చురచురమంటుంది. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు వద్దు.

నీళ్లు వృథా అవుతాయన్న బెంగ అక్కర్లేదు. ధార సన్నగా ఉంటే చాలు. నిమిషానికి లీటరున్నర చొప్పున ఇరవై నిమిషాలకు ముప్పై లీటర్లు, అంటే రెండు బకెట్లు. అంత కూడా లేకపోతే చెంబుతో పోస్తూ, పళ్లెంలో పట్టి మళ్లీ పోయొచ్చు. తడిగుడ్డ వేస్తే మాత్రం నిమిషానికోసారి మార్చాలి, లేకపోతే అదే వేడెక్కి కూర్చుంటుంది. చంటిపిల్లలకైతే కాలిన చోటే తడపాలి, ఒళ్లంతా తడిపితే చలి పట్టేస్తుంది.

మొదటి నిమిషంలోనే ఉంగరం, గాజులు, వాచీ తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు. గంజి పడిన బట్టను వెంటనే విప్పాలి, తడి గుడ్డ వేడిని పట్టి ఉంచుతుంది. చర్మానికి అతుక్కున్న ముక్కను మాత్రం పీకకుండా దాని మీదే నీళ్లు పోయాలి.

ఐసు? వద్దు. కుంచించుకుని ఉన్న నాళాలను ఐసు ఇంకా బిగిస్తుంది, మధ్య వలయానికి వచ్చే కాస్త రక్తమూ ఆగుతుంది.

### చల్లటి అబద్ధం

ఇప్పుడు టూత్‌పేస్ట్ దగ్గరకు వద్దాం. తెలుగిళ్లలో కాలితే చెయ్యి మొదట పోయేది దాని మీదికే. రాసిన వెంటనే హాయిగా ఉంటుందన్నది నిజం. ఆ హాయి ఎక్కడిదన్నది చూడాలి.

వేడికి ఒక ద్వారం ఉన్నట్టే చల్లదనానికీ నరాల మీద ఒకటుంది, పేరు టీఆర్‌పీఎం8. దాన్ని 2002లో జూలియస్, పటపూటియన్ బృందాలు విడివిడిగా కనుక్కున్నాయి. ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీల కిందికి పడితే అది తెరుచుకుని ‘చల్లగా ఉంది’ అని చెబుతుంది. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ తగిలితే అంత చల్లబడకుండానే తెరుచుకుంటుంది. పేస్టులో ఉన్నది ఆ మెంథాలే. అంటే ఆవకాయ చేతిలో కాలకుండానే కాలిన కబురు వెళ్లినట్టు, పేస్టు రాసిన చేతిలో చల్లబడకుండానే చల్లబడిన కబురు వెళ్తోంది. చర్మం లోపల ఉమ్మగిల్లడం మాత్రం సాగుతూనే ఉంటుంది. పైగా హాయిగా ఉంది కదా అని నీళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేస్తాం. పేస్టు వల్ల జరిగే అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం. అది ఎండి గట్టిపడటం, దాన్ని ఆస్పత్రిలో గీకి తీయాల్సి రావడం ఆ తరవాతి సంగతులు.

కొబ్బరినూనె, వెన్న, నెయ్యి చేసేది ఇంకోలా ఉంటుంది. వేడిని మందగింపజేసే పొరను గాయం మీద కప్పి, లోపలి వేడికి మూత పెడతాయి. బెజవాడ బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ మీద బాగుంటుంది, అక్కడే ఉండనివ్వాలి. ఇడ్లీ పిండి పోసుకునేవాళ్లున్నారు. తడిగా, చల్లగా ఉంటుంది కాబట్టి కాసేపు నిజంగానే వేడి లాగుతుంది. ఎండాక అతుక్కుంటుంది, పులియబెట్టే బ్యాక్టీరియా అందులో సజీవంగా ఉంటాయి, బొబ్బ చిట్లితే అవి నేరుగా లోపలికి చేరతాయి. పసుపు, ఇంకు రాస్తే గాయం రంగే మారిపోతుంది. లోతు ఎంతో తేల్చడానికి డాక్టరు చూసేది ఆ రంగునే.

బర్నాల్ ట్యూబు లేని ఇల్లు తక్కువ. అది క్రిములను అడ్డుకునే పూత. వేడిని లాగడం దాని పని కాదు. ఇరవై నిమిషాల నీళ్ల తరవాత రాస్తే రాయొచ్చు, నీళ్లకు బదులుగా మాత్రం కాదు. 1968లో వచ్చిన సిల్వర్ సల్ఫాడయజీన్ తెల్ల ఆయింట్‌మెంట్ పెద్ద గాయాలకు దశాబ్దాల పాటు మందుగా పనిచేసింది. చిన్న, పైపై గాయాలకు మాత్రం అది మానడాన్ని ఆలస్యం చేస్తుందని తరవాతి సమీక్షల్లో తేలింది. కలబంద గుజ్జు చల్లార్చాక పగలని చర్మం మీద హాని చేయదు, కొంత మేలు చేసే అవకాశమూ ఉంది.

> సుశ్రుతుడు నాలుగన్నాడు
>
> సుశ్రుత సంహిత సూత్రస్థానం పన్నెండో అధ్యాయంలో కాలిన గాయాలు నాలుగు రకాలు: ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం. రంగు మారడం, బొబ్బలు లేవడం, మాంసం దాకా పోవడం అనే గుర్తులను బట్టి చేసిన విభజన అది. లోతును బట్టి ఇప్పటి డాక్టర్లు చేసే వర్గీకరణకు దగ్గరగానే ఉంది. అందులోనే తేలికపాటి ప్లుష్టానికి మళ్లీ వేడి చూపించమన్న మాట కూడా ఉంది. కాలిన వేలిని దీపం సెగకు చూపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ విభజనను గౌరవిద్దాం, ఆ సెగను వదిలేద్దాం.

### బొబ్బ లోపల

గంట గడిచేసరికి చెల్లెలి ముంజేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. పై పొరకూ కింది పొరకూ ఉన్న అతుకు ఊడి, ఆ సందులోకి నాళాల నుంచి ఊరిన నీరు చేరింది. ఎండుగడ్డి రంగులో ఉండే ఆ నీటిలో ఉన్నది రక్తంలోని ద్రవభాగం, కొంత ప్రొటీన్. పైన ఉన్న పొర చచ్చిందే, అయినా దాన్ని మించిన కట్టు దొరకదు. బయటి క్రిములు రాకుండా, లోపలి తడి ఆరకుండా కాపాడుతుంది. సూదితో పొడిచి నీరు తీసేయాలన్న దురద చాలామందికి ఉంటుంది. చిన్న బొబ్బను ముట్టుకోవద్దు. దానంతటదే చిట్లితే సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, ఊడిన తోలును లాగకుండా కప్పాలి.

గాయాన్ని గాలికి ఆరనివ్వాలని, పెచ్చు కడితేనే మానుతుందని పెద్దవాళ్లు చెబుతారు. 1962లో లండన్‌లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని తెరిచి ఉంచి, కొన్నిటిని పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి చూశాడు. కప్పినవి సుమారు రెట్టింపు వేగంతో కొత్త చర్మం కట్టాయి. కారణం కణాల నడకలో ఉంది. కొత్త చర్మకణాలు తడిగా ఉన్న నేల మీద జారుతూ సులువుగా పాకుతాయి. పెచ్చు కడితే దాని కింద తడి ఎక్కడుందో వెతుక్కుంటూ లోతుగా తొలుచుకుంటూ పోవాలి. అందుకే పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజు గుడ్డ వేసి, వదులుగా కట్టడం ఇంట్లో చేయగల మంచి పని. దూదిని నేరుగా పెట్టొద్దు, పోగులు అతుక్కుంటాయి. మన ఉక్కపోతకు కట్టు చెమటతో తడుస్తుంది, తడిసినప్పుడల్లా మార్చాలి.

అంటుకోని పొర అనగానే కృష్ణా లంకల్లో పుట్టి పెరిగినవాళ్లకు అరటాకు గుర్తొస్తుంది. మైనం పూతలా నున్నగా ఉండే ఆ ఆకు గాయానికి అంటుకోదు. ముంబైలోని లోకమాన్య తిలక్ ఆస్పత్రి వైద్యులు దాన్ని కాలిన గాయాల మీద కట్టుగా వాడి చూసి 2003లో ఫలితాలు ప్రచురించారు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువ, ఖర్చు మరీ తక్కువ. అయితే వాళ్లు ఆకును క్రిమిరహితం చేశాకే వాడారు. పెరట్లో కోసిన ఆకును అలాగే చుట్టొద్దు. మహారాష్ట్రలోనే షోలాపూర్‌లో 1990ల్లో తేనెతో పరిశోధనలు జరిగాయి. తేనె గాయాన్ని త్వరగా మాన్పుతుందన్న ఆధారాలు తరవాత కూడా బలపడ్డాయి. ఆస్పత్రి వాడకానికి శుద్ధి చేసిన తేనె వేరు, సీసాలో సగం తిని ఉంచిన తేనె వేరు.

### కొత్త చర్మం ఎక్కడి నుంచి వస్తుంది

మొదటి రెండు మూడు రోజులు ఎర్రదనం, వాపు, నీరు. మన రంగు చర్మంలో ఎర్రదనం అంతగా తెలియదు. వేలితో నొక్కి వదిలితే పాలిపోయి మళ్లీ రంగు వస్తోందా అన్నది చూడాలి, వస్తే రక్తం ఆడుతున్నట్టే. ఆ తరవాత కొత్త చర్మకణాలు రెండు చోట్ల నుంచి బయలుదేరతాయి. ఒకటి గాయం అంచు. రెండోది, ఆశ్చర్యంగా, గాయం నడిబొడ్డు. కింది పొరలో దాక్కుని ఉన్న వెంట్రుకల మొదళ్లలో, చెమట గ్రంథుల గొట్టాల్లో చర్మపు మూలకణాలు మిగిలి ఉంటాయి. అవి అక్కడి నుంచి పైకెక్కి, చిన్న చిన్న దీవుల్లా పరుచుకుని, ఒకదాన్నొకటి కలుస్తాయి. కాలిన లోతు వెంట్రుకల మొదళ్లను దాటకపోతే వారం నుంచి రెండు వారాల్లో చర్మం మూసుకుంటుంది, గట్టి మచ్చ ఉండదు. వాటినీ కాల్చేసిన గాయమైతే అంచుల నుంచి మాత్రమే పాకాలి. మూడు వారాలు దాటినా మూయకపోతే మచ్చ ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది, అది డాక్టరు చూడాల్సిన గాయం.

అలాంటి గాయాన్ని మొదటి రోజే గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది, అది మన ఊహకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. బాగా నొప్పి పెట్టే గాయం చాలాసార్లు తక్కువ లోతుదే. తెల్లగా, తోలులా మారి, నొప్పే లేని గాయం లోతైనది, ఎందుకంటే అక్కడ కబురు పంపే నరాలే కాలిపోయాయి. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లలో నరాలు ముందే మొద్దుబారి ఉంటాయి, వాళ్ల పాదం మీద గంజి పడితే నొప్పి లేదని ఊరుకోకూడదు.

నీళ్లు పోస్తూనే 108కు ఫోన్ చేయాల్సినవీ, ప్రభుత్వ సర్వజనాసుపత్రికో దగ్గరి డాక్టరు దగ్గరికో వెళ్లాల్సినవీ ఇవి: కాలిన వ్యక్తి అరచేయి, వేళ్లతో సహా, ఒంట్లో సుమారు ఒక శాతం. అంతకు మించిన గాయం ఏదైనా. ముఖం, చేతివేళ్లు, పాదాలు, కీళ్లు, మర్మావయవాలు కాలితే చిన్నదైనా సరే. కరెంటు వల్ల, యాసిడ్ వల్ల కాలినవి. పసిపిల్లలు, వృద్ధుల గాయాలు, వాళ్ల చర్మం పలుచన. రెండు మూడు రోజుల తరవాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వాసన, చీము, జ్వరం కనిపిస్తే క్రిములు చేరినట్టే. ధనుర్వాతం టీకా చివరిగా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేకపోతే కాలిన గాయానికి కూడా వేయించుకోవాలి. తుప్పుపట్టిన మేకుకే అది అన్న నమ్మకం మనలో గట్టిగా నాటుకుపోయింది.

చెల్లెలి గాయం పన్నెండు, పదమూడు రోజుల్లో మూసుకుంటుంది. ఆ చోట చర్మం మొదట లేత గులాబీ రంగులో మెరుస్తుంది, ఆ తరవాత చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. రంగునిచ్చే కణాలు కూడా వెంట్రుకల మొదళ్ల నుంచే పైకొస్తాయి. వాపు వల్ల రెచ్చిపోయి మొదట్లో అవసరానికి మించి రంగు వేస్తాయి, ఎండ తగిలితే ఇంకా వేస్తాయి. కొన్ని నెలలకు చాలావరకు సర్దుకుంటుంది. ఆలోగా రోజూ కొబ్బరినూనె రాయొచ్చు, ఇప్పుడు చర్మం మూసుకుంది కాబట్టి దానితో మేలే. మేలో బందరు రోడ్డు మీద స్కూటీ నడిపేవాళ్లకు మాత్రం మణికట్టు దాకా వచ్చే చేతి తొడుగు దసరా దాకా తప్పదు.